బొలోన్యాలో ఇద్దరికి ఒక రోజు: రెండు భోజనాల మధ్య ఊరు చూడడం ఎలా

ఇటలీకి వెళ్లే మనవాళ్ల ప్రణాళికలు చాలావరకు ఒకేలా ఉంటాయి. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, వీలైతే మిలాన్. ఈ ఊళ్లను కలిపే వేగపు రైళ్లలో చాలా భాగం బొలోన్యా మీదుగానే వెళ్తాయి. రైలు ఆగుతుంది, మనం మాత్రం దిగం. దిగండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఫ్లోరెన్స్ నుంచి నలభై నిమిషాల లోపు, వెనిస్ నుంచి గంటన్నర, మిలాన్ నుంచి గంటకు కాస్త ఎక్కువ, రోమ్ నుంచి రెండు గంటల పైచిలుకు. ఇద్దరు కలిసి ఒక రోజంతా నడిచి, కూర్చుని, తిని, మళ్లీ నడవడానికి ఇంత అనువైన ఊరు ఇటలీలో మరొకటి లేదని నా నమ్మకం.

ఒక్క నియమం పెట్టుకోండి. ఇక్కడ చూడాల్సినవాటి జాబితా రాసుకుని మధ్యలో ఎక్కడో భోజనం ఇరికించకూడదు. ముందు మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది ఖాయం చేసుకోవాలి. మిగతా ఊరంతా ఆ రెండింటి మధ్య దానంతట అదే సర్దుకుంటుంది. పాత ఊరు చిన్నది, సాన్ లూకా కొండ తప్ప అన్నీ కాలినడక దూరంలోనే ఉన్నాయి.

ఏ రోజు వెళ్లాలి, ముందే ఏం చేయాలి

మంగళవారం నుంచి శనివారం లోపు ఏదో ఒక రోజు ఎంచుకోండి. సోమవారం మ్యూజియాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆదివారం రాత్రి, సోమవారం మంచి భోజనశాలలు కూడా సెలవు తీసుకుంటాయి. నెలల్లో ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు బాగుంటాయి. జులైలో ఉక్కపోత మన కోస్తాను గుర్తు చేస్తుంది. ఆగస్టు నడిమి వారాల్లో ఊరి జనమే సముద్రతీరానికి వెళ్లిపోతారు, సగం వంటశాలలకు తాళాలు పడతాయి.

ముందుగా చేసుకోవాల్సిన బుకింగులు మూడే: మధ్యాహ్న భోజనం బల్ల, రాత్రి భోజనం బల్ల, ఆర్కిజిన్నాసియో అనే పాత విశ్వవిద్యాలయ భవనంలోని శరీర నిర్మాణ శాస్త్ర మందిరం టికెట్టు. బల్ల కోసం ఫోను చేయడానికి మొహమాటపడకండి. రోజు, సమయం, ఇద్దరు అని చెబితే చాలు, వాళ్లకు అర్థమవుతుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి ఎనిమిదికి తీసుకోండి. ఇక్కడి వంటశాలలు మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో పొయ్యి ఆర్పేస్తే మళ్లీ ఏడున్నర దాకా వెలిగించవు. నాలుగు గంటలకు ఆకలేస్తే దొరికేది ఐస్‌క్రీము, కాఫీ, శాండ్‌విచ్ మాత్రమే.

మెత్తటి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. చర్చిల్లోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి కాబట్టి ఒక చున్నీయో పల్చటి శాలువాయో సంచిలో ఉంచుకోండి. పెద్ద బ్యాగులు ఉంటే స్టేషన్లోనే సామాను భద్రపరిచే చోట ఇచ్చేయండి. పెద్ద సంచులతో వస్తే ఊళ్లోని ప్రధాన చర్చిలోకి రానివ్వరు.

తిండి సంగతి ఇంట్లోనే తేల్చుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు. మన జంటల్లో ఒకరు మాంసం తిని మరొకరు తినకపోవడం, ఇద్దరూ తిన్నా గొడ్డు మాంసమో పంది మాంసమో వద్దనుకోవడం సాధారణం. బొలోన్యా వంట వెన్న, గుడ్డు, పంది, గొడ్డు మాంసాల మీద నిలబడిన వంట. బల్ల దగ్గర కూర్చున్నాక మెనూ పట్టుకుని తర్జనభర్జన పడేకంటే ఏది ఏమిటో ముందే తెలుసుకుని వెళ్తే ఇద్దరూ హాయిగా తినవచ్చు.

ఊరికి పేరు తెచ్చిన రగూ అంటే గొడ్డు మాంసం, పంది పొట్ట మాంసం, ఉల్లి, క్యారెట్, సెలరీ, కొద్దిగా టమోటా, వైన్ కలిపి రెండు మూడు గంటలు సన్నటి మంట మీద ఉడికించినది. దీని తయారీ విధానాన్ని ఇటాలియన్ వంటకాల అకాడమీ 1982లో ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేయించింది, 2023లో సవరించింది. దీన్ని స్పగెట్టీతో తినరు. తల్యాతెల్లె అనే వెడల్పాటి రిబ్బను పాస్తాతో తింటారు. ఉడికిన తల్యాతెల్లె వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బంగారు నమూనా చేయించి అదే వాణిజ్య మండలిలో భద్రపరిచారు. ఊళ్లోని అసినెల్లి టవరు ఎత్తులో అది 12,270వ వంతు అని లెక్క కూడా కట్టారు. తిండిని ఇంత శ్రద్ధగా చూసే ఊళ్లో ఆదరాబాదరాగా తినడం తగదు.

తోర్తెల్లీని చిటికెన వేలి కొసంత పాస్తా పొట్లాలు. లోపల పంది మాంసం, ప్రొషూత్తో అనే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం, మోర్తదెల్లా, పర్మిజ్జానో జున్ను, జాజికాయ ఉంటాయి. వీటిని కోడి, గొడ్డు మాంసం ఉడికించిన చారులో వడ్డిస్తారు. మోర్తదెల్లా అంటే మెత్తగా నూరిన పంది మాంసంలో కొవ్వు ముక్కలు కలిపి నిదానంగా కాల్చి, పల్చగా కోసిన గులాబీ రంగు ముక్కలు. లజాన్యా ఇక్కడ పాలకూర కలిపిన ఆకుపచ్చ పొరలతో వస్తుంది, మధ్యలో రగూనే ఉంటుంది. బొలోన్యా కట్లెట్ దూడ మాంసం.

గొడ్డు మాంసం తినకుండా పంది మాంసం తినేవారికి మోర్తదెల్లా, ప్రొషూత్తో, సాసేజితో చేసే గ్రమీన్యా అనే వంకర పాస్తా ఉన్నాయి. రెండూ తిననివారు, ముస్లిం పాఠకులు రగూ, తోర్తెల్లీని రెండింటినీ పక్కన పెట్టి శాకాహార దారి పట్టడమే సుఖం.

శాకాహారులకు ఉత్తమమైనది తోర్తెల్లోని. పేరులో పోలిక ఉన్నా ఇవి తోర్తెల్లీని కంటే పెద్దవి. లోపల రికోత్తా జున్ను, కొత్తిమీర లాంటి పార్‌స్లీ ఆకు ఉంటాయి. పైన కరిగించిన వెన్న, సేజ్ ఆకులు. నన్నడిగితే ఊళ్లోని మాంసం వంటల పక్కన తలెత్తుకుని నిలబడే వంటకం ఇదే. ఉల్లిపాయలు, టమోటాలు గంటల తరబడి మగ్గించిన ఫ్రిజ్జోనె కూడా అడగండి.

మూడు జాగ్రత్తలు మాత్రం మరవకండి. ఇక్కడి తాజా పాస్తా అంతా గుడ్లతో కలిపినదే, వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్క. గుడ్డు కూడా వద్దనుకునేవారు ఎండు పాస్తా టమోటాతో చేసి ఇమ్మని అడగాలి, లేదా పిజ్జా తినాలి. క్రెషెంతీనె అనే పొంగిన రొట్టెలను, కొన్నిచోట్ల ఫ్రిజ్జోనెను కూడా పంది కొవ్వుతో చేస్తారు. ఆ కొవ్వును స్ట్రుత్తో అంటారు, ‘సెంత్సా స్ట్రుత్తో’ అంటే అది లేకుండా అని. ఇక పర్మిజ్జానో జున్ను తయారీలో పాలను విరిచేందుకు దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ తప్పనిసరి. అది కూడా వద్దనుకునేవారు ‘సెంత్సా ఫొర్మాజ్జొ’ అనాలి. వడ్డించేవారికి మొదటే ‘సెంత్సా కార్నె, సెంత్సా పెష్షె’ అని చెబితే మాంసం, చేప రెండూ వద్దని తెలుస్తుంది. చారు, కొవ్వు సంగతి విడిగా అడగాల్సిందే, ఎందుకంటే వాటిని మాంసం కింద లెక్కించనివారు చాలామంది.

ఉదయం తొమ్మిది: స్టేషన్ నుంచి చౌక్ దాకా

వేగపు రైళ్లు భూగర్భంలోని ప్లాట్‌ఫారాలకు వస్తాయి. ఎస్కలేటర్లు ఎక్కుతూ పైకి రావడానికే పది నిమిషాలు పడుతుంది. విమానంలో వచ్చేవారికి విమానాశ్రయం నుంచి స్టేషన్‌కు మర్కోనీ ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఉంది, ఏడెనిమిది నిమిషాల ప్రయాణం. ఆ చిన్న దూరానికి టికెట్టు ఖరీదెక్కువే, మనిషికి పది యూరోలు దాటుతుంది.

స్టేషన్ బయట గోడ మీద ఒక గడియారం 10:25 దగ్గర ఆగి ఉంటుంది. 1980 ఆగస్టు 2న ఆ నిమిషంలో వెయిటింగ్ హాలులో బాంబు పేలి 85 మంది చనిపోయారు. పేర్లు చెక్కిన ఫలకం లోపల ఉంది. ఒక నిమిషం నిలబడి వెళ్లండి.

అక్కడి నుంచి ఇందిపెందెంత్సా వీధి పట్టుకుని తిన్నగా ఇరవై నిమిషాలు నడిస్తే ఊరి నడిబొడ్డుకు చేరతారు. టాక్సీ అవసరం లేదు, గొడుగు కూడా అవసరం లేదు. వీధికి రెండు పక్కలా కమానుల వరండాలే. మన పాత ఇళ్ల ముందరి పంచలన్నీ ఒకదానికొకటి కలిసిపోయి ఊరంతా పరుచుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఊళ్లో ఇవి మొత్తం 62 కిలోమీటర్లు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. విశ్వవిద్యాలయానికి విద్యార్థులు పోటెత్తిన రోజుల్లో చోటు చాలక పై అంతస్తుల గదులను వీధి మీదకు ముందుకు జరిపి, కింద స్తంభాలు పెట్టారు. 1288లో ఊరి శాసనం కొత్త ఇల్లు కట్టే ప్రతివారూ వరండా వేయాలని, గుర్రం మీద మనిషి పట్టేంత ఎత్తు ఉండాలని నిర్దేశించింది. స్థలం ఇంటివారిదే, నడిచే హక్కు అందరిదీ.

దారిలోనే అల్పాహారం ముగించండి. బార్ అని రాసి ఉన్న కాఫీ కొట్టులోకి వెళ్లి, కౌంటరు దగ్గర నిలబడే కపుచ్చీనో తాగండి. కూర్చుంటే ధర పెరుగుతుంది. తోడుగా ఒక తీపి బన్ను చాలు. ఎక్కువ తినకండి, మధ్యాహ్నానికి కడుపు ఖాళీగా ఉండాలి.

పది నుంచి పన్నెండున్నర: చౌక్ చుట్టూ

ఊరి ప్రధాన చౌక్ పియాజ్జా మజ్జోరేలోకి అడుగుపెట్టే ముందు నెప్ట్యూన్ ఫౌంటెన్ కనిపిస్తుంది. శిల్పి జాంబొలోన్యా 1560ల్లో పోతపోసిన కంచు విగ్రహం. దాని చేతిలోని త్రిశూలమే తర్వాత ఇదే ఊళ్లో పుట్టిన మజెరాటీ కార్లకు గుర్తు అయింది. ఎదురుగా ఉన్న సాలబోర్సా గ్రంథాలయంలోకి తప్పకుండా వెళ్లండి. ప్రవేశం ఉచితం, హాలు మధ్య గాజు నేల కింద రోమన్ల కాలం నాటి ఊరి శిథిలాలు కనిపిస్తాయి, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయి. గ్రంథాలయం బయటి గోడ నిండా రెండో ప్రపంచ యుద్ధంలో ఫాసిస్టులతో పోరాడి చనిపోయిన స్థానికుల ఫొటోలు. చాలామంది చిన్న వయసు వారే.

ఇప్పుడు ఇద్దరికీ ఒక పని. పాలాజ్జో దెల్ పొదెస్తా కింద నాలుగు దారులు కలిసే కమాను ఉంది. ఒకరు ఒక మూల గోడవైపు ముఖం పెట్టి నిలబడాలి, రెండోవారు ఐమూలగా ఎదుటి మూలలో అలాగే నిలబడాలి. ఒకరు గుసగుసగా మాట్లాడితే మధ్యలో జనం నడుస్తున్నా రెండోవారి చెవిలో స్పష్టంగా పడుతుంది. శబ్దం కమాను వంపు వెంబడి పాకి అవతలి మూలలో దిగుతుంది. పదిన్నర దాటితే వరుస పెరుగుతుంది కాబట్టి ఇది ముందే ముగించండి. ఏం మాట్లాడుకోవాలో మీ ఇష్టం, తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ అర్థం కాదు.

సాన్ పెట్రోనియో చర్చి ముఖం చూడగానే ఏదో తక్కువైనట్లు అనిపిస్తుంది. కింద సగం పాలరాయి, పై సగం మొరటు ఇటుక. 1390లో మొదలుపెట్టారు, ముఖభాగం ఈనాటికీ పూర్తికాలేదు. దీన్ని కట్టించింది పోప్ కాదు, ఊరి ప్రజాసభ. 1530లో అయిదవ చార్లెస్‌కు చక్రవర్తి కిరీటం పెట్టింది ఇందులోనే. లోపల ఎడమవైపు నేల మీద దాదాపు 67 మీటర్ల పొడవున ఒక ఇత్తడి గీత కనిపిస్తుంది. 1655లో ఖగోళ శాస్త్రవేత్త కస్సీని వేయించిన మధ్యాహ్న రేఖ అది. పైన కప్పులో 27 మీటర్ల ఎత్తున ఉన్న రంధ్రం గుండా వచ్చే ఎండ బిళ్ల ప్రతిరోజూ సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు ఆ గీతను దాటుతుంది. ఏడాది పొడవునా ఆ బిళ్ల పరిమాణం ఎలా మారుతుందో కొలిచి కస్సీని గ్రహాల గమనం గురించి కెప్లర్ వేసిన లెక్కలను బలపరిచాడు. చర్చినే దూరదర్శినిగా వాడుకున్న ఆ తెలివి ముందు నేనైతే చాలాసేపు నిలబడిపోతాను. ఎండ బిళ్ల దాటడం చూడాలంటే శీతాకాలంలో పన్నెండుంబావు ప్రాంతంలో, వేసవి కాలమానంలో ఒంటిగంటంబావు ప్రాంతంలో అక్కడ ఉండాలి. ఆ వేళకు చర్చి తలుపులు తెరిచి ఉంటాయో లేదో గుమ్మం దగ్గర అడగండి.

చర్చి వెనక్కి రెండు నిమిషాలు నడిస్తే ఆర్కిజిన్నాసియో. 1088 నుంచి లెక్కించే విశ్వవిద్యాలయానికి 1563లో దొరికిన మొదటి సొంత భవనం. గోడలన్నీ, కప్పులన్నీ చదువుకున్నవారి వంశచిహ్నాలతో నిండి ఉంటాయి, వేలల్లో ఉన్నాయి. పైన 1637 నాటి శరీర నిర్మాణ శాస్త్ర మందిరం, మొత్తం కొయ్య పనితనం, నడుమ శవపరీక్షల పాలరాతి బల్ల. చర్మం ఒలిచిన రెండు కొయ్య విగ్రహాలు గురువు ఆసనం మీది పందిరిని మోస్తుంటాయి. 1944 జనవరి 29న బాంబు పడి ఇది కూలిపోతే, శిథిలాల్లోంచి ఏరిన ముక్కలను కూర్చి మళ్లీ నిలబెట్టారు. ఇది చూసి బయటికి వస్తే ఎదురుగా కప్పల మీద విద్యుత్ ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త గల్వానీ విగ్రహం, చేతిలోని పలక మీద కప్ప. ఇదే విశ్వవిద్యాలయంలో 1732లో లౌరా బస్సీ పట్టా పుచ్చుకుని అదే ఏడు అధ్యాపకురాలైంది. ఐరోపాలో జీతం తీసుకుంటూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మొదటి మహిళగా ఆమెను చెప్పుకుంటారు.

భోజనానికి ముందు ఇంకొక్క చోటు. క్లవతూరె వీధిలోని సాంతా మరియా దెల్లా వీతా చర్చిలో కుడివైపు గదిలో నికొలో దెల్లార్కా పదిహేనో శతాబ్దంలో మట్టితో చేసి కాల్చిన శిల్ప సమూహం ఉంది. నేల మీద క్రీస్తు దేహం, చుట్టూ నిలువెత్తు మనుషులు. కుడి చివరన ఉన్న ఇద్దరు స్త్రీలను చూడండి. ఒకరు చేతులు అడ్డం పెట్టి ఆ దృశ్యాన్ని తోసేస్తున్నట్లు, మరొకరు పరుగెత్తుకొచ్చి అరుస్తున్నట్లు ఉంటారు, బట్టలు వెనక్కి ఎగురుతుంటాయి. శోకాన్ని ఇంత బిగ్గరగా పలికించిన శిల్పం నేను మరెక్కడా చూడలేదు. చిన్న టికెట్టు ఉంటుంది. ఊళ్లో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే దీనికే పెట్టండి.

పన్నెండున్నర: మధ్యాహ్న భోజనం

చర్చి బయటే క్వాద్రిలాతెరో. మధ్యయుగాల నుంచి నడుస్తున్న అంగళ్ల సందులు. చేపలు, పండ్లు, వేలాడే హ్యాములు, బండి చక్రాలంత జున్ను ముద్దలు. కొన్ని కొట్ల అద్దాల వెనక స్త్రీలు మీటరు పొడవు కర్రతో పసుపు రంగు పిండిని వెడల్పాటి దుప్పటిలా పరుస్తూ కనిపిస్తారు. వారిని స్ఫొల్యీనె అంటారు. కాసేపు నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనరు.

ఇక్కడ నిలబడి చిరుతిళ్లతో కడుపు నింపుకునేవారు చాలామంది. అలా చేయవద్దనే నా సలహా. మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని పాస్తా తినండి. సాయంత్రం కొండ ఎక్కాలి, ఇప్పుడు తిన్నది అప్పటికి అరుగుతుంది. ఇద్దరూ రెండు వేర్వేరు పాస్తాలు తెప్పించుకుని సగం సగం పంచుకోండి. ‘బిస్’ అని అడిగితే కొన్నిచోట్ల ఒకే పళ్లెంలో రెండు రకాలు సగం సగంగా ఇస్తారు. ఒకరు శాకాహారి అయితే అది వద్దు, పళ్లేలు వేరుగా ఉండాలి. మాంసం తినేవారు తల్యాతెల్లె రగూ, తిననివారు వెన్న, సేజ్‌తో తోర్తెల్లోని. ఊరి వంట ఎంత గొప్పదో తెలియడానికి ఈ రెండు పళ్లేలు చాలు. రెండో వంటకం తెప్పించకపోయినా ఎవరూ తప్పుపట్టరు. కారం కావాలంటే ‘పెపెరొంచీనో’ అడగండి, కానీ మొదటి నాలుగు ముద్దలు కారం లేకుండా తినండి. వెన్నలో, గుడ్డులో, జాజికాయలో ఉన్న రుచిని కారం చంపేస్తుంది.

బిల్లులో కొపెర్తొ అని మనిషికి రెండు నుంచి నాలుగు యూరోల దాకా వేస్తారు, అది బల్ల ఖర్చు, మోసం కాదు. నీళ్ల సీసాకు కూడా డబ్బు ఉంటుంది. విడిగా టిప్పు ఇవ్వాల్సిన అవసరం లేదు.

తీపికి తోర్తా ది రీసో అడగండి. బియ్యం, పాలు, చక్కెర, బాదం, గుడ్లు కలిపి కాల్చి డైమండు ఆకారపు ముక్కలుగా కోసిన పాతకాలపు పండుగ మిఠాయి. పాల అన్నం తిని పెరిగినవారికి మొదటి ముక్కలోనే నచ్చుతుంది.

మూడు గంటలు: టవర్లు, ఏడు చర్చిలు

రెండు టవర్ల దగ్గరికి వెళ్లండి, ఎక్కాలని మాత్రం ఆశపడకండి. పన్నెండో శతాబ్దపు అసినెల్లి ఎత్తు 97 మీటర్లు, పక్కనున్న గారిసెండా సుమారు 48 మీటర్లు. పొట్టిది బాగా ఒరిగింది. దాని పునాది కదలికలు ఆందోళన కలిగించడంతో 2023 అక్టోబరు నుంచి రెండింటినీ మూసి చుట్టూ కంచె వేశారు. ఎత్తు నుంచి ఊరు చూడాలనుకుంటే పియాజ్జా మజ్జోరేలోని గడియారపు టవరు ఉంది, టికెట్టు ముందుగా తీసుకోవాలి.

అక్కడి నుంచి సాంతో స్తేఫనో వీధిలో ఐదు నిమిషాలు. త్రికోణాకారపు చౌక్ చివర ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చర్చిల గుంపు. ఏడు చర్చిలని పేరు, ఇప్పుడు విడిగా గుర్తుపట్టగలిగేవి అంతకంటే తక్కువ. మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టే దీన్ని ఈ వేళకు పెట్టాను. ఇటుకతో రకరకాల ముగ్గులు పేర్చిన లోపలి పెరడు, ఎనిమిదో శతాబ్దపు రాతి తొట్టి, చీకటి గదులు. ప్రవేశం ఉచితం. ఇద్దరిలో ఒకరికి చర్చిలు చూసి విసుగొస్తే వారిని చౌక్‌లోని వరండా కింద కాఫీతో కూర్చోబెట్టి రెండోవారు లోపలికి వెళ్లిరండి. ప్రతిదీ ఇద్దరూ కలిసే చూడాలన్న పట్టుదల ఇలాంటి రోజుల్లో తగాదాలకు మూలం.

వస్తూ స్ట్రాదా మజ్జోరేలోని కాజా ఇసొలాని ముందు తలెత్తండి. పదమూడో శతాబ్దపు కొయ్య దూలాల మీద నిలబడిన వరండా, సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తు. రాతి స్తంభాలకు ముందు ఊరంతా ఇలాగే ఉండేది.

నాలుగున్నర: సాన్ లూకా

ఊళ్లో కొన్నిటిని వదిలేసినా దీన్ని వదలకండి. కొండ మీది చర్చికి ఊరి సరగొజ్జా ద్వారం నుంచి 3.8 కిలోమీటర్ల పొడవున వరండా వెళ్తుంది, 666 కమానులు. 1674లో మొదలైన ఈ నిర్మాణానికి వ్యాపార సంఘాలు, కుటుంబాలు, మామూలు జనం తలా కొంత వేసుకున్నారు. మేరీ మాత చిత్రపటాన్ని ఏటా వసంతంలో ఊళ్లోకి ఊరేగింపుగా తెస్తారు, 1433 నుంచి ఆ ఆనవాయితీ. వానకు పటం తడవకుండా, వెంట నడిచే జనం తడవకుండా కొండ దాకా కప్పు వేశారు.

మొత్తం నడవాలనుకుంటే గంటకు పైగా పడుతుంది. నా సూచన ఇది: ఊళ్లో 20వ నంబరు బస్సెక్కి విల్లా స్పాదా దగ్గర దిగండి. బస్సులోని యంత్రానికి బ్యాంకు కార్డు తాకిస్తే టికెట్టు అయిపోతుంది, ఇద్దరూ వేర్వేరు కార్డులు వాడితే చిక్కుండదు. అక్కడ మెలొంచెల్లో కమాను నుంచి అసలు ఎక్కుడు మొదలవుతుంది, రెండు కిలోమీటర్లు, మెట్లు, వాలు నేల. నిదానంగా నలభై ఐదు నిమిషాలు. నీళ్లు దగ్గరుంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారు పియాజ్జా మజ్జోరే నుంచి బయలుదేరే సాన్ లూకా ఎక్స్‌ప్రెస్ అనే చిన్న పర్యాటక బండిలో పైదాకా వెళ్లవచ్చు. పెద్దవాళ్లతో వచ్చినవారికి అదే మేలు.

పైన చర్చి గుండ్రంగా, నారింజ రంగులో ఉంటుంది. సాయంత్రం మూసే వేళ బయలుదేరే ముందే చూసుకోండి. వెనుకవైపు గడ్డి మీద కూర్చుంటే ఒకవైపు అపెనైన్ కొండలు, మరోవైపు పో నది మైదానం. దిగడం ఎక్కడం కంటే జాగ్రత్తగా చేయాలి, నున్నటి రాతి మీద కాలు జారుతుంది.

ఎనిమిది గంటలు: రాత్రి భోజనం

కొండ దిగి వచ్చాక బల్లకు ఇంకా సమయం ఉంటే క్వాద్రిలాతెరోలోని ఓస్తెరియా దెల్ సోలెకు వెళ్లండి. 1465 నుంచి నడుస్తున్న మద్యశాల, తాగడానికి మాత్రమే ఇస్తారు, తినేది పక్క కొట్లలో కొనుక్కుని తెచ్చుకోవాలి. ఈ ప్రాంతపు తెల్ల వైన్ పిన్యొలెత్తో, నురగ వచ్చే ఎర్ర లంబ్రుస్కో. తాగనివారు కూడా ఏదో ఒక పానీయం తీసుకుంటే కూర్చోవచ్చు.

రాత్రికి తేలికగా వెళ్లండి. మాంసం తినేవారు చారులో తోర్తెల్లీని తెప్పించుకోండి. నడిచి అలసిన ఒంటికి ఆ వేడి చారు ఇచ్చే సుఖం ఏ విందులోనూ లేదు. శాకాహారులు ఫ్రిజ్జోనె, కాల్చిన కూరగాయలు, మెత్తటి స్క్వాక్వెరోనె జున్ను, రొట్టె తెప్పించుకుంటే కడుపు నిండుతుంది. చివర ఐస్‌క్రీముకు బయటికి రండి. పాలు కూడా వద్దనుకునేవారికి పండ్ల సోర్బెత్తో ఉంటుంది.

ఇంటికి తీసుకెళ్లడానికి మాంసం కొనకండి, కస్టమ్స్ దగ్గర చిక్కు. పక్క ఊరు మోదెనా బాల్సమిక్ వెనిగర్ కొనండి. అసలు సంప్రదాయ రకం కనీసం 12 ఏళ్లు పీపాల్లో మాగుతుంది, 100 మిల్లీలీటర్ల ప్రత్యేక సీసాలోనే అమ్ముతారు, ఖరీదు ఎక్కువ. పెద్ద సీసాల్లో చవగ్గా దొరికేది వేరే రకం, వంటకు పనికొస్తుంది, చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోవాలి.

స్టేషన్‌కు తిరిగి నడిచేటప్పుడు కొంచెం పక్కకు తిరిగి పియెల్లా వీధిలోకి వెళ్లండి. గోడలో చిన్న కిటికీ తెరిస్తే ఇళ్ల మధ్య పాత కాలువ కనిపిస్తుంది, ఒకప్పుడు మిల్లులను తిప్పిన నీళ్లు అవి. ఫొటో కోసం వరుస ఉంటే అదే వీధిలో ఎదుటి వైపు కటకటాల దగ్గరికి వెళ్లండి, అదే కాలువ వరుస లేకుండా కనిపిస్తుంది.

రైలుకు పావుగంట ముందే స్టేషన్ చేరాలి, భూగర్భ ప్లాట్‌ఫారానికి దిగడానికే సమయం పడుతుంది. ఆ రాత్రి ఇక్కడే ఉండగలిగితే ఇంకా మంచిది. మర్నాడు ఉదయం ప్రాంతీయ రైలులో మోదెనా అరగంట లోపు, పార్మా సుమారు గంట, మొజాయిక్‌ల ఊరు రవెన్నా గంటంబావు ప్రయాణం. కాగితపు టికెట్టు అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవడం మరవకండి, లేదంటే జరిమానా పడుతుంది.